గ్రేంజ్ శిలావలయము - మా పెద్దమ్మ ప్రదక్షిణము

లిమరిక్ నగరమునుండి కిల్మాలక్ పట్టణమునకు పోవు ఆర్ 512 అను బాటవెంట దక్షిణముగా ఇరువది కిలోమీటరులు సాగునంతలో, పచ్చిక బయళ్లును, ముండ్లచెట్ల దడులును, నలుపు తెలుపు మచ్చల పాడిపశువులును తప్ప వేరొండు కానరాని పల్లెపట్టున, బాటప్రక్కనే యొక మట్టికట్టయు, దాని లోపలి యంచున భుజము భుజము రాచుకొని నిలిచిన రాళ్ల బారును కంటబడును. గ్రేంజ్ శిలావలయ మనగా నిదియే. మా యింటి పెరటిదడి దాటి రెండు పొలములు నడిచిన అది వచ్చును. వైద్యవృత్తి నిమిత్తమై యీ దేశమునకు వచ్చి, యీ పల్లెలో ఇల్లు కట్టుకొని, ఇరువదియాఱు సంవత్సరములుగా నేను ఆ రాళ్లకు పొరుగువాడనై యున్నాను. పుట్టినది గోదావరి పాయల నడుమనైనను, మా ఊరు అని నోట వచ్చునపుడు నా మనస్సులో ఇప్పుడు రెండూళ్లు మెదలును. అందు రెండవదానిని గూర్చి మన భాషలో నాలుగు మాటలు వ్రాయవలెనని చాలకాలముగా అనుకొనుచుంటిని.

ఐర్లండునందలి శిలావలయములలో నెల్ల మిక్కిలి పెద్దది యిది. లోపలి వ్యాసము సుమారు 45 మీటరులు. నిలిపిన రాళ్లు 113. తక్కిన వలయములలో రాతికిని రాతికిని నడుమ మనిషి దూరిపోవునంత సందు విడుచుట వాడుక. ఇచట అట్లు కాదు, పెండ్లిపందిట బంతిలో కూర్చున్నవారివలె ఒకదాని నొకటి తాకుచున్నవి. వాని వీపులకు ఆనించి 9 మీటరుల వెడల్పున, 1.2 మీటరుల యెత్తున మట్టికట్ట పోసిరి. తూర్పున ఆ కట్టను చీల్చుకొని, ఇరువైపుల రాళ్లు పేర్చిన ఇరుకు దారి యొకటి లోనికి పోవును. ఆ దారిన అడుగిడినంతనే కుడిచేతి దిక్కున, అనగా ఈశాన్యమున, నాలుగు మీటరులకు మించిన యెత్తును, నలువది టన్నుల బరువును గలదని చెప్పబడు మహాశిల, ఇంటి పెద్దవలె తక్కిన వానినెల్ల చూచుచు నిలిచియుండును.

కార్క్ నగరపు విశ్వవిద్యాలయ కళాశాలయందు పురాతత్త్వాచార్యుడుగా నుండిన షాన్ పి. ఓ రీర్డాయిన్ 1939లో ఇచట త్రవ్వకములు జరిపెను. వలయమునకు సరిగా నడుమ సన్నని గుంజ పాతిన రంధ్ర మొకటి ఆయనకు దొరకెను. ఆ గుంజకు త్రాడు కట్టి, త్రాటికొసను బిగబట్టి చుట్టును నడచి, నేలమీద గీత గీచి, ఆ గీతవెంట రాళ్లు నిలిపిరని పండితుల ఊహ. కళ్లము నడుమ గుంజ పాతి, దానిచుట్టు ఎడ్లను కట్టి బంతి తోలుట చిన్ననాట చూచిన నాకు, ఆ రంధ్రపు మాట చదివిననాడు ఆ పురాతన శిల్పులు ఒక్కసారిగా బంధువులైనట్లు తోచెను. రాళ్లు నిలిపిన పిమ్మట వాని కుదుళ్లు కనబడకుండ లోపలి నేలయంతటను బంకమట్టి పఱచి చదును చేసిరి. ఆ మట్టిలో కుండపెంకులు విస్తారముగా దొరకినవి, అందు అనేకము బీకరులని పేరుపడిన అందమైన గిన్నెల ముక్కలు. రాళ్ల మొదట వానిని బుద్ధిపూర్వకముగా పగులగొట్టియుందురని ఓ రీర్డాయిన్ తలచెను. దీని వయస్సు నాలుగువేల యేండ్లని చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఇటీవల ఆ పెంకులను మరల పరీక్షించినవారు మరికొన్ని శతాబ్దములు తగ్గింపవలెననుచున్నారు.

ఊరివారికి ఈ లెక్కలతో పని లేదు. గ్రేంజ్ అను మాటకు మఠమునకు ధాన్యము పండించి పెట్టు పొలమని యర్థము. మన దేవమాన్యముల వంటి దన్నమాట. ఈశాన్యపు మహాశిలకు రన్నఖ్ క్రొమ్ దువ్ అని పేరు. క్రొమ్ దువ్ అనువాని వాటా యని దాని భావము. క్రొమ్ అనగా వంగినవాడు, దువ్ అనగా నల్లనివాడు. మొట్టమొదటి గోధుమపనను వీపుమీద మోసికొని వచ్చి యీ దేశమునకు ఇచ్చినవాడు అతడే యనియు, ఆ బరువుచేతనే అతని నడుము వంగినదనియు మా ప్రాంతపు వృద్ధులు చెప్పుదురు. జులై నెల చివరి ఆదివారము అతని పేర కోతల పండుగ. వలయమునకు కూతవేటు దూరమున లాఖ్ గర్ అను సరస్సు కలదు. 1398లో గతించిన డెస్మండ్ ప్రభువు గెరోడ్, మంచి కవి, ఆ నీటియడుగున నిద్రించుచున్నాడనియు, ఏడేండ్లకొకసారి వెండినాడాలు తొడిగిన గుఱ్ఱమెక్కి సరస్సు చుట్టు తిరుగుననియు, ఆ నాడాలు అరిగిపోయిననాడు మరల మనుష్యలోకమునకు వచ్చి రాజ్యమేలుననియు నమ్మిక. ఈ కథ చెప్పినపుడు మా పెద్దమ్మ రవ్వంతయు ఆశ్చర్యపడక, “మన వీరభోగ వసంతరాయలు రాడూ, అలాగే ఈయనా వస్తాడు” అని తేల్చివేసెను.

పెద్దమ్మ అనగా మా అమ్మకు అక్క. గోదావరి తీరము దాటి ఎరుగని మనిషి. డెబ్బదిమూడేండ్ల వయస్సున, మేనెండలకు తాళలేక, నా బలవంతముమీద విమానమెక్కి, ఒక జూన్ నెలలో మా యింట దిగెను. ఇచటి జూన్ నెలలో తెల్లవారుజామున నాలుగింటికే వెలుగు వచ్చును, రాత్రి పదింటికిని పోదు. సంధ్యావేళ యెప్పుడో, దీపము పెట్టవలసిన దెప్పుడో తెలియక ఆమె వారము దినములు తికమకపడి, చివరకు గడియారమును నమ్ముకొనెను. పరిసరములన్నిటిలో ఆమెకు మనసుపట్టినవి పశువులు. మా యింటి ముందటి సన్నబాటను ఇచటివారు బోహర్ అందురనియు, ఆ మాట ఆవు అను నర్థము గల బో అను పదమునుండి పుట్టినదనియు, ఒక ఆవు నిలువుగాను, మరియొకటి అడ్డముగాను నిలుచునంత వెడల్పు దానికి ఉండవలెనని ప్రాచీన నిఘంటువున వ్రాసియున్నదనియు నేను చెప్పగా, “అంటే పుంత అనరాదూ!” అని ఆమె నన్నే దిద్దెను. గోదావరి జిల్లాలలో పశువులు నడచు బాటకు ఇంతకంటె సరియైన మాట లేదు. నాటినుండి నాకును అది పుంతయే.

జూన్ 21వ తేదీ, పగలు మిక్కిలి దీర్ఘమైన దినము. ఆనాటి సూర్యోదయము చూచుటకు వలయమునకు జనము చేరుట కలదు. వేకువనే తలస్నానము చేసి, కుంకుమభరిణె కొంగున ముడివేసికొని, “అంతమంది వెళ్తున్నారంటే అది గుడే కదురా” అని పెద్దమ్మ ముందు నడచెను, నేను వెంబడించితిని. ఆనాడు సూర్యుడు మబ్బుచాటుననే ఉదయించెను. అయిదు గంటలకు వచ్చినవారు ఆరు గంటలకు వెడలిపోయిరి. మేమిద్దరమును, మాతోపాటు అమెరికాదేశస్థుడొకడును మాత్రమే మిగిలితిమి. అతని పూర్వులు లిమరిక్ ప్రాంతమువారే యట. కరవుకాలమున ఓడయెక్కినవారి సంతతి. పొడవైన మనిషి, నెరసిన గడ్డము, చేత చిన్న డోలు. మొగమున భక్తి నిజమైనది.

పెద్దమ్మ లోపల అడుగుపెట్టి, కుడిచేత ఆ కొండంత రాతిని చూచి నిలిచిపోయెను.

“ఒరే అబ్బాయీ, ఇది ఈశాన్యం కదూ?”

అవునంటిని.

“ఈశాన్యంలో ఇంత బరువు పెట్టారేవిట్రా! ఇల్లు కట్టేవాడికి చెప్పేవాళ్లే లేకపోయారూ!”

ఆ రాతి పేరునకు అర్థము చెప్పితిని. వంగినవాడు, నల్లనివాడు అను రెండు మాటలు వినినంతనే ఆమె కన్నులు మెరసినవి. “నల్లనయ్య, పైగా మూడు వంకర్లు తిరిగి నిలబడేవాడు. ఆ సంగతి ముందే చెప్పొద్దూ!” అని చెంపలు వేసికొని, వాస్తుదోషమును అంతటితో క్షమించి, ప్రదక్షిణము మొదలిడెను. పదకొండు చుట్లు తిరుగవలెనని సంకల్పము.

ఆ అమెరికాదేశస్థుడును అదే సమయమున రాళ్లవెంట తిరుగనారంభించెను. అయితే అతడు ఎడమచేతి వాటముగా, అనగా మనము కర్మకాండలయందు మాత్రమే తిరుగు దిక్కున, కన్నులు అరమోడ్చి, డోలుమీద మెల్లగా వ్రేళ్లు తట్టుచు వచ్చుచుండెను. మొదటి చుట్టున ఇద్దరును ఎదురుపడినపుడు పెద్దమ్మ ఒదిగి దారి యిచ్చెను. రెండవమారు ఎదురుపడినపుడు నిలిచి, అతనిని పాదాదిశిరఃపర్యంతము చూచి, నావైపు తిరిగి చూచి, ముందుకు సాగెను. మూడవమారు దారి నడుమ నిలిచి, చేయి అడ్డము పెట్టెను.

“నాయనా, నువ్వు తిరిగేది అప్రదక్షిణం. ఇంట్లో పెద్దవాళ్లెవరికీ ఏమీ కాలేదు కదా?”

అతనికి తెలుగు రాదు. ఆమెకు మరియొకటి రాదు. నేను పరుగున వచ్చి విషయము విప్పిచెప్పులోపలనే, ఆమె ఆ ఆజానుబాహువు మోచేతిని పట్టుకొని, మొండికేసిన దూడను త్రిప్పినట్లు గిరుక్కున త్రిప్పి, వీపుమీద రెండు తట్టులు తట్టి, “ఇప్పుడు పద” అనెను. అతడు తల్లిమాట వినిన బాలునివలె రెండడుగులు వేసి, ఇది యేమి ఆచారమని నన్ను కన్నులతోనే ప్రశ్నించెను.

సమాధానము నానోట రాలేదు, తూర్పు వాకిటనుండి వచ్చెను. “ఆవిడ చెప్పినదే సరి. నీవు తూహల్ తిరుగుచున్నావు. మా నాయనమ్మ చూచియున్నచో కర్రతో కొట్టియుండెడిది. దెషిల్ తిరుగవలెను, దెషిల్!” అనుచు, తలమీద టోపీ, చేత హేజెల్ కర్రతో, బాట కావలివైపున పాడి నడుపుకొను మా పొరుగు వృద్ధుడు లోనికి వచ్చెను. ఈనుటకు సిద్ధముగా నున్న ఆవొకటి రాత్రి దడి తెంచుకొని వెడలగా, దానిని వెదకుచు వచ్చినాడు.

ఇచట ఒక్క క్షణము కథ నాపి ఆ రెండు మాటలను గూర్చి చెప్పక తప్పదు. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినవి అవియే. ఐరిష్ భాషలో దెస్ అనగా కుడి. దక్షిణదిక్కుకును అదే మాట. సంస్కృతమున దక్షిణ శబ్దమునకును సరిగా ఈ రెండర్థములే యుండుటయు, రెండు పదములును ఒకే మూలమునుండి పుట్టినవగుటయు భాషాశాస్త్రజ్ఞు లెరిగినదే. సియర్ అనగా వెనుకకును, పడమటికిని. మన పశ్చిమ శబ్దము వంటిదే. తూర్పునకు మొగము పెట్టి నిలిచినవానికే కుడిచేయి దక్షిణమగును, వెనుక పడమర యగును. ఆ నిలుచుండు తీరును ఆ జనులును ఈ జనులును తమ తమ మాటలలో దాచుకొనిరి. దెషిల్ అనగా కుడివాటముగా, సూర్యుడు పోవు దిక్కున తిరుగుట. ఈ దేశపు పల్లెలయందలి పవిత్రమైన బావులచుట్టు నేటికిని భక్తులు అట్లే తిరుగుదురు, లెక్క తప్పకుండ గులకరాళ్లు పెట్టుకొందురు కూడ. తూహల్ దానికి విరుద్ధము. తప్పు, అపసవ్యము అనియు దానికి అర్థము. కోనసీమనుండి వచ్చిన ముత్తైదువయు, లిమరిక్ పాడిరైతును, ఒకరిభాష యొకరికి అక్షరము తెలియక, ఒక మనిషి యే దిక్కునకు తిరుగవలెనను విషయమున క్షణమైన సందేహింపకుండుట నేను కన్నులార చూచితిని. నాకు వలయమును గూర్చి ఏ గ్రంథమును ఇంత చెప్పలేదు.

అమెరికాదేశస్థుడు సజ్జనుడు. ఇద్దరు పెద్దలు చెప్పినపిమ్మట తర్కింపక, కుడివాటముగా ఒక చుట్టు పూర్తిచేసి, క్రొమ్ దువ్ రాతికి రెండు అరచేతులును, నొసలును ఆనించి, కన్నులు మూసికొని నిలిచెను. మేము ముగ్గురమును మాటలు మాని చూచుచుంటిమి. ఇంతలో దక్షిణపు గట్టుమీదినుండి, ఎవరికోసము వెదకులాట జరుగుచున్నదో ఆ ఆవే, నిండు చూలుతో, నింపాదిగా దిగివచ్చి, పచ్చికమీద చప్పుడు కాకుండ నడచి, అతని వెనుక నిలిచి, మెడమీద ఒక దీర్ఘనిశ్వాసము విడిచెను.

అతని మేను గగుర్పొడిచెను. కన్నులు తెరవకయే, వణకుచున్న గొంతుతో, “వచ్చినారా... నాకు తెలియుచున్నది... మీ వెచ్చని ఊపిరి తగులుచున్నది” అని పూర్వులతో పలుకసాగెను. రైతు కర్రను నేలకు ఆన్చి, పెదవులు బిగబట్టి, ఆకాశము వంక చూచుచుండెను. పెద్దమ్మ కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను. ఆవు మరియొకసారి వాసన చూచి, ఉప్పదనము రుచించెనేమో, గరుకైన నాలుకతో మెడవంపునుండి చెవిదాక ఒక్క నాకుడు నాకెను.

ఆ కేకకు సరస్సుమీది హంసలు లేచినవి. అతడు ఒకవైపునకును, ఆవు ఒకవైపునకును ఎగిరిపడిరి. డోలు దొర్లుకొనుచు నడిమి గుంజపాతిన చోటిదాక పోయెను. తేరుకొని వెనుకకు చూచి, ఆవును, మమ్మును, మరల ఆవును చూచి, అతడే మొదట నవ్వెను. పిమ్మట అందరమును నవ్వితిమి. “మా పూర్వులు పశువుల కాపరులే, వారు దీనినే పంపియుందురు” అని అతడనగా, రైతు “అయిన మంచిదానినే పంపిరి, నా మందలో దీనిని మించిన పాడి లేదు” అనెను.

పెద్దమ్మ నెమ్మదిగా ఆవును సమీపించి, గంగడోలు నిమిరి, పొదుగు చూచి, “ఎంత లక్షణమైన తల్లివే! కడివెడు ఇస్తావు కదే!” అనెను. అనినంతనే నాలుక కరచుకొని, “అయ్యో, నా దిష్టే తగిలేట్టుంది” అని వంగి, తన కుడికాలి క్రింది మట్టి చిటికెడు తీసి, ఆవు మొగము చుట్టు మూడుమారులు త్రిప్పి, ‘థూ థూ’ యని దూరముగా విసరెను.

రైతు టోపీ తీసి చేతబట్టుకొని, నన్ను చేరవచ్చి, “ఆవిడ ఏమనినది?” అని అడిగెను. చూలుతోనున్న పశువును ఒకరు మెచ్చుకొనుట అతనికి మొగములోనే తెలిసినది. దేవుడు చల్లగా చూచుగాక అను మాట చేర్చకుండ పశువును మెచ్చుకొనుట ఈ దేశపు పల్లెలలో పెద్ద తప్పు. కన్ను కుట్టినదందురు, పాలు పోవునందురు. మెచ్చినవారిచేత దీవెన పలికించి, ఉమ్మి వేయించుట వెనుకటి వాడుక. ఆ దోషమునకే పరిహారము చేసినదని నేను చెప్పగా, వృద్ధుడు ఆమెవంక చాలసేపు చూచి, “మా నాయనమ్మ పోయి యేబదియేండ్లైనది. ఆమె ఉమ్మినట్లే యున్నది” అనెను. పెద్దమ్మ భరిణె విప్పి ఆవు నొసట కుంకుమ పెట్టుచుండగా, అతడు టోపీ తలపై పెట్టుకొనలేదు. ఆమె అతనిని “అన్నయ్యగారూ, ఈనగానే కబురు పెట్టండి” అని తెలుగుననే కోరెను. అతడు తల యూపెను.

ఇచటి రాళ్లకును మన రాళ్లకును పోలిక తలచుట నాతో మొదలైనది కాదు. నిజాముగారి కొలువులో నుండి, షోరాపుర సంస్థాన వ్యవహారములు చక్కబెట్టిన ఫిలిప్ మెడోస్ టేలర్ దక్కనుభూములయందు శిలావలయములను, రాతిగూళ్లను త్రవ్వి చూచి, 1860లో హిందూదేశము విడిచినపిమ్మట డబ్లిన్‌లో నివసించుచు, రాయల్ ఐరిష్ అకాడమీవారికి వానిని గూర్చి వ్యాసము సమర్పించెను; చిత్రములు చూచినచో ఇవి ఐర్లండులోనివే యని భ్రమ కలుగును. మన వలయములలో పెక్కు ఇనుపయుగమున శవములను పాతిపెట్టిన చోట్లు. గ్రేంజ్ అట్టిది కాదు, కాలమును వేఱు. నడుమ రాకపోకలుండెనని చెప్ప వీలులేదు. అయినను మనవారు వానిని రాక్షసగుళ్లనియు, పాండవుల గుళ్లనియు పిలుచునట్లు, ఇచటివారు రాతిగూళ్లను, ఇల్లు విడిచి పారిపోయిన దియర్మద్, గ్రాన్యాలు రాత్రికొకచోట పరుండిన పడకలందురు. పర్ణశాలలో సీతమ్మ చీర ఆరవేసిన రాతిని చూచి వచ్చిన పెద్దమ్మకు ఈ పడకల సంగతి వివరింప పనిలేకపోయెను.

అయిదవనాటి ఉదయమున రైతు మా గుమ్మమునకు పాలడబ్బాతో వచ్చెను. పెయ్యదూడ పుట్టినదట. డబ్బాలో నూస్ అనెను. ఐరిష్‌లో జున్నుపాలకు పేరది. ఇరుగుపొరుగులకు వానిని పంచుట మన యూళ్లలో వలెనే ఇచటను వెనుకటి మర్యాద. పెద్దమ్మ బెల్లము, మిరియము, యాలకులు వేసి ఆవిరిమీద జున్ను వండి, మొదటి ముక్క అతనికే పెట్టెను. అతడు మిరియపు ఘాటునకు కన్నీళ్లు తుడుచుకొనుచు రెండవముక్క తానే అడిగి తీసికొనెను. పిమ్మట, దూడకు పేరు ఆమెయే పెట్టవలెనని కోరెను.

“గౌరి” అనెను పెద్దమ్మ, ఆలోచింపకయే.

వృద్ధుడు చేతిలోని ముక్క పళ్లెమున పెట్టి, పొట్ట చేతబట్టుకొని నవ్వెను. మా ప్రాంతపు ఐరిష్‌లో గౌర్ అనగా మేక. కడివెడు పాలిచ్చు తల్లి కడుపున పుట్టినదానిని మేకా యని పిలిచినచో ఊరంతయు తనను వేళాకోళము చేయునని మొరపెట్టుకొనెను. నేను తెనిగించి చెప్పగా పెద్దమ్మయు నవ్వి, ఒక నిముసము ఆలోచించి, “పోనీ, తులసి అనమను” అనెను.

దూడ చెవికి ప్రభుత్వమువారి పసుపుపచ్చని బిళ్లయు, అంకెయు ఉన్నవి. అది ఇప్పుడు రెండు ఈతల పశువు. సాయంకాలము పాలవేళ ఆ వృద్ధుడు దడియొద్ద నిలిచి “తల్‌సీ, తల్‌సీ” యని పిలుచు పిలుపు, గాలి పడమటినుండి వీచుచున్నచో, మా పెరటిలోనికి వినబడును. కోనసీమకు ఫోను చేసిననాడెల్ల పెద్దమ్మ మొదట దానిని అడిగిన తరువాతనే నా కుశలము అడుగును.